మ్యోగి పర్వతం: జపాన్ పల్లెసీమలో రాతి శిఖరాల బారు

మ్యోగి పర్వతం జపాన్ ప్రధాన ద్వీపమైన హోన్షూ నడిమి భాగంలో, గున్మా ప్రిఫెక్చర్ పడమటి అంచున ఉన్న రాతి శిఖరాల గుంపు. స్థానికులు దీన్ని మ్యోగి-సాన్ అంటారు. ఇది ఒక్క కొండ పేరు కాదు. తోమియోకా, అన్నాకా, షిమోనితా అనే మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోట వరసగా లేచిన అనేక శిఖరాలకు ఉమ్మడి పేరు. ముందు వరసలో అన్నిటికన్నా ఎత్తైన సోమాదాకె 1,104 మీటర్లు. మూడు వేల మీటర్లు దాటిన శిఖరాలు ఇరవైకి పైగా ఉన్న దేశంలో ఇది చెప్పుకోదగ్గ ఎత్తు కాదు. అయినా జపనీయులు తమ దేశంలో మూడు మహా వింత దృశ్యాలని లెక్కపెట్టే చోట్లలో మ్యోగి ఒకటి. మిగిలిన రెండు క్యూషూ ద్వీపంలోని యబాకె లోయ, షోదోషిమా దీవిలోని కంకాకె లోయ.

దూరపు కొండలు నునుపు అంటాం. మ్యోగి దగ్గర ఆ సామెత చెల్లదు. తకసాకి నుంచి పడమరకు పోయే రైలు కిటికీలోంచి చూస్తే ఎంతో దూరాన్నుంచే ఆకాశానికి ఆనించిన రంపంలా కనిపిస్తుంది. దగ్గరికి వచ్చేకొద్దీ ఆ రంపం పళ్లు స్తంభాలుగా, ద్వారాలుగా, నిట్టనిలువు గోడలుగా విడిపోతాయి. ఈ కొండను జనం తరతరాలుగా మూడు దూరాల నుంచి చూస్తూ వచ్చారు: కింద బాట మీద నిలబడి దండం పెట్టుకునే దూరం, కొండ నడుము చుట్టూ నడిచే దూరం, ఇనుప గొలుసు పట్టుకుని పైకెక్కే దూరం. మ్యోగి యాత్రకు వచ్చేవాళ్లు తమది ఏ దూరమో ముందుగా తేల్చుకోవాలి.

పేరు, గుర్తింపు

ఇక్కడి దేవతకు పాత పేరు హకోసో. మ్యోగి అన్న పేరు తర్వాత వచ్చింది. దేవాలయ సంప్రదాయం ప్రకారం, గో-దైగో చక్రవర్తి కొలువులో ఉన్న నగాచికా అనే ప్రభువు ఈ చోట నివసించి, తేటగా వెలుగుతూ ఉన్నతంగా నిలిచిన శిఖరాలను చూసి ముచ్చటపడి ఆ అర్థం వచ్చే అక్షరాలతో పేరు పెట్టాడు. అదే కాలక్రమంలో ఇప్పటి మ్యోగిగా స్థిరపడింది.

గున్మాకు జోమో అనే పాత పేరు కూడా ఉంది. అకగి, హరునా, మ్యోగి కొండలను కలిపి జోమో మూడు కొండలంటారు. 1947లో తయారైన జోమో కరుతా అనే చీట్లాట ఆడకుండా పెరిగిన గున్మా పిల్లలు అరుదు. అందులో ఈ మూడింటికీ తలా ఒక చీటీ ఉంది. మ్యోగికి దక్కింది ఎర్రాకుల శరదృతువు చీటీ. 1923లో ప్రభుత్వం మ్యోగిని జాతీయ రమణీయ స్థలంగా ప్రకటించింది. 1969లో ఇది మ్యోగి-అరఫునె-సాకు పీఠభూమి ఉపజాతీయ ఉద్యానంలో భాగమైంది.

రాయి పుట్టుక

అకగి, హరునా కొండలు చూడగానే అగ్నిపర్వతాలని తెలిసిపోతాయి. పరుచుకున్న పొడవాటి వాలు, నెత్తిన సరస్సు వాటి ఆనవాళ్లు. మ్యోగి కూడా అగ్నిపర్వతాల సంతతే. కానీ దాని కండ ఎప్పుడో కరిగిపోయి ఎముకల గూడు మాత్రం మిగిలింది. మయోసీన్ యుగం చివర్లో, అంటే యాభై లక్షల ఏళ్లకు పైబడిన కాలంలో, ఇక్కడ జరిగిన విస్ఫోటాల్లో లావా, బూడిద, రాతిముక్కలు పొరలు పొరలుగా పేరుకున్నాయి. బూడిదలో గులకల నుంచి బండల దాకా ఇరుక్కుని గట్టిపడిన రాయి, ఆండిసైట్ లావా రాయి ఈ కొండకు ముఖ్యమైన సరుకు.

ఆ తర్వాత పని వానది, మంచుది. మెత్తటి భాగాలు, చీలికలు ఉన్న చోట్లు ముందుగా అరిగిపోయాయి. గట్టి భాగాలు సూదుల్లా, పలకల్లా నిలిచిపోయాయి. గోడలా నిలిచిన బండలో బలహీనమైన చోట రంధ్రం పడి పెద్దదైతే అదే రాతి ద్వారం. దగ్గర నిలబడి చూస్తే బండ ఒంటినిండా బొడిపెలు కనిపిస్తాయి. పాత కాంక్రీటు గోడలో కంకర తేలినట్టు, బూడిద అరిగిపోయి లోపలి రాళ్లు బయటికి పొడుచుకొచ్చాయి. ఎక్కేవాళ్లకు చేతిపట్టు, కాలిమోపు ఈ బొడిపెలే. బరువు పడగానే ఊడి చేతిలోకి వచ్చేదీ ఒక్కోసారి ఇవే. మ్యోగి అందానికీ ప్రమాదానికీ కారణం ఒక్కటే: ఇది ఇంకా అరుగుతున్న కొండ.

వాయవ్యాన, గున్మా-నగానో సరిహద్దులో, 2,568 మీటర్ల అసామా అగ్నిపర్వతం నేటికీ పొగ చిమ్ముతోంది. 1783లో అది బద్దలై ఈ ప్రాంతంలో పెనునష్టం కలిగించింది. ఒకేచోట నిలబడి బతికున్న అగ్నిపర్వతాన్నీ, ఎప్పుడో చల్లారినదాని అస్థిపంజరాన్నీ చూడవచ్చు.

శిఖరాలు

మ్యోగిని ముందు మ్యోగి, వెనుక మ్యోగి అని రెండుగా చెబుతారు. మధ్యలో నకాకి నది లోయ ఉంది. ముందు మ్యోగిలో మూడు కొండలున్నాయి. హకుఉన్ అంటే తెల్లమబ్బు. సోమాదాకె శిఖరం ఇందులోదే. కొందో అంటే బంగారు గుహ. రాతి ద్వారాలన్నీ దీని ఒడిలో ఉన్నాయి. మూడోది కింకె, బంగారు కోడి. దీని ఎత్తు 856 మీటర్లే అయినా రాళ్లు జారిపడే ప్రమాదం వల్ల దీని మీదికి ఎక్కనివ్వరు. రోడ్డు మీద నిలబడి చూడవలసిందే.

వెనుక మ్యోగికి జనం తక్కువ. అక్కడి చోసు-నో-కషిరా అనే బండ 1,057 మీటర్ల ఎత్తున, గట్టు మీద సుత్తి తలకిందులుగా పాతినట్టు నిలబడి ఉంటుంది. వెనుక వరసలోని యక్యూ శిఖరం 1,162 మీటర్లు. దాన్నీ కలుపుకుంటే మొత్తం మ్యోగిలో ఎత్తైనది అదే.

ఆరాధన, చరిత్ర

హకుఉన్ కొండ తూర్పు పాదాన మ్యోగి దేవాలయం ఉంది. దీన్ని 537లో స్థాపించారని సంప్రదాయం చెబుతుంది. జపాన్ సొంత మతమైన షింతో, బౌద్ధం కలగలిసిన కాలంలో ఇక్కడి దేవతను మ్యోగి దైగొంగెన్ అని కొలిచారు. గొంగెన్ అంటే బుద్ధుడో బోధిసత్వుడో స్థానిక దేవతగా అవతరించిన రూపం. తొకుగవా పాలకులు ఎదో నుంచి, అంటే నేటి తోక్యో నుంచి, ఏలిన కాలంలో వారి ఆదరణ దక్కింది. 1868లో కొత్త ప్రభుత్వం రెండు మతాలను విడదీసినప్పుడు బౌద్ధం పక్కకు తప్పుకుని షింతో దేవాలయం మిగిలింది. 165 రాతిమెట్లు ఎక్కి వెళితే 1756 నాటి ప్రధాన మందిరం వస్తుంది. నల్లటి లక్క పూత మీద బంగారు రంగు అద్దిన డ్రాగన్ల చెక్కడాలు మెరుస్తుంటాయి. ఇది జాతీయ ముఖ్య సాంస్కృతిక సంపదల్లో ఒకటి.

గుడి వెనుక కొండవాలున ఒక బండ మీద 大 అనే పెద్ద అక్షరం నిలబెట్టి ఉంటుంది. 'దై' అని పలికే ఈ అక్షరానికి గొప్ప, పెద్ద అని అర్థం. దైగొంగెన్‌లోని మొదటి అక్షరం. చేతులు బార్లా చాచి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడిన మనిషి బొమ్మలా ఉంటుంది. ఎదో నుంచి క్యోతోకు కొండల మీదుగా పోయే నకసెందో రహదారి ఈ కొండ ఉత్తరపు పక్కన సాగేది. గుడి దాకా వచ్చే తీరికలేని బాటసారులు కింది నుంచే ఈ అక్షరం చూసి దండం పెట్టుకుని ముందుకు సాగేవారు. దూరం నుంచి చూసేవాళ్ల కోసం కొండకు పెట్టిన బొట్టు అది.

కొందో కొండ పాదాన నకనోతకె దేవాలయం ఉంది. అక్కడ గర్భగుడి లేదు. మందిరం వెనుక నిలువునా లేచిన తొదొరొకి బండే దైవం. మొక్కేవాళ్లు మందిరం ముందు నిలబడి బండకే మొక్కుతారు. అదే ఆవరణలో 20 మీటర్ల ఎత్తున, బంగారు రంగులో మెరిసే దైకొకు విగ్రహాన్ని 2005లో నిలిపారు. దైకొకు మూలం మన మహాకాళుడు. భారతదేశంలో ఉగ్రరూపి అయిన దేవుడు బౌద్ధంతో పాటు జపాన్ చేరి, మూట భుజాన వేసుకుని సుత్తి పట్టుకున్న నవ్వుముఖపు సిరిదేవుడయ్యాడు. ఇక్కడి దైకొకు చేతిలో మాత్రం సుత్తి బదులు కత్తి ఉంటుంది.

పర్వతారోహణ చరిత్రలోనూ మ్యోగికి చోటుంది. జపాన్ ఆల్ప్స్‌ను ప్రపంచానికి పరిచయం చేసిన ఆంగ్ల మతప్రచారకుడు వాల్టర్ వెస్టన్ 1912లో మ్యోగి మార్గదర్శి నెమోతో సెయిజోతో కలిసి, కుంచె మొనలా ఉన్న ఫుదె బండను తాడుతో ఎక్కాడు. ఆ తర్వాత నెమోతో ఆల్ప్స్ యాత్రల్లోనూ వెస్టన్‌కు తోడుగా వెళ్లాడు. కాలం గడిచాక ఈ కొండలు వేరే కారణాలతోనూ వార్తల్లోకి వచ్చాయి. 1972 ఫిబ్రవరిలో యునైటెడ్ రెడ్ ఆర్మీ అనే సాయుధ వామపక్ష ముఠా మ్యోగి కొండల్లో దాక్కుంది. అక్కడ నాయకులు పట్టుబడ్డారు. తప్పించుకున్న ఐదుగురు కొండ దాటి కరుయిజావాలోని అసామా విడిదిలో బందీని పెట్టుకుని పది రోజులు పోలీసులను ఎదిరించారు. ఈ తరం కుర్రకారుకు మాత్రం మ్యోగి అంటే 1995లో మొదలైన 'ఇనిషియల్ డి' బొమ్మల కథలోని కార్ల పందెం మలుపులు.

నడుము దారి, రాతి ద్వారాలు

మ్యోగి దేవాలయం నుంచి నకనోతకె దేవాలయం దాకా కొండ నడుము మీదుగా ఒక బాట ఉంది. తోక్యో చుట్టూ ఉన్న కాంతో ప్రాంతాన్ని చుట్టివచ్చే కాంతో ఫురెయాయి కాలిబాటలో ఇదొక భాగం. అడవి నీడలో ఎగుడుదిగుడుగా, ఇనుప నిచ్చెనలు ఎక్కుతూ, ఒరిగిన బండల కింద వంగుతూ సాగుతుంది. నిచ్చెన, మెట్టు ఎక్కగలిగి, వాటికి భయపడనివాళ్లకు ఇది సరిపోతుంది. అయితే కొండచరియలు విరిగినప్పుడల్లా కొంత మేర మూసేస్తుంటారు.

ఈ బాటకు పేరు తెచ్చినవి నకనోతకె వైపున్న నాలుగు రాతి ద్వారాలు. నాలుగింటినీ చుట్టిరావడానికి సుమారు గంటన్నర పడుతుంది. మొదటి ద్వారానికి ముందే చిన్న గొలుసు బండ ఎదురవుతుంది. దాని పేరు 'ఎండ్రకాయ చేతినేర్పు పరీక్ష'. ఈ బండ దగ్గరే తడబడినవాళ్లు ముందుకు పోకపోవడం మేలని ఆ పేరే హెచ్చరిస్తుంది. మొదటి ద్వారం అన్నిటికన్నా పెద్దది. దాని కింద నిలబడి తలెత్తితే వంపు అంచున వేలాడే చెట్లు, వాటి వెనుక ఆకాశం కనిపిస్తాయి.

రెండో ద్వారం దగ్గర అసలు ఆట మొదలవుతుంది. ముందు 'ఎండ్రకాయ పక్కనడక': బండకు ముఖం ఆనించి, అడ్డంగా బిగించిన గొలుసు పట్టుకుని, బండలో తొలిచిన గుంటల్లో కాలిమొన పెట్టుకుంటూ పక్కకు జరగాలి. ఆ తర్వాత నిలువు బండ ఎక్కుడు. ద్వారం దాటగానే 'చేద దిగుడు': బావిలోకి చేద వదిలినట్టు మనిషి గొలుసు వెంట వెన్ను లోయవైపు పెట్టి దిగాలి. అది ముగిసేసరికి 'ఒంటిచేతి దిగుడు' వస్తుంది. గొలుసును చేతులతో గట్టిగా లాగి వేలాడితే చేతులు లాగేస్తాయి. కాళ్ల మీద బరువు నిలిపి గొలుసును తోడుగా వాడుకున్నవాళ్లు సులువుగా దాటుతారు. ఈ తంతు వద్దనుకునేవాళ్లకు రెండో ద్వారం దగ్గర పక్కదారి ఉంది.

నాలుగో ద్వారం ముందు కాస్త చదునైన చోటు, కూర్చోవడానికి పందిరి ఉన్నాయి. ద్వారం చట్రంలోంచి చూస్తే ఎదురుగా ఫిరంగి బండ సరిగ్గా మధ్యలో నిలుస్తుంది. మ్యోగి గురించి అచ్చయిన చిత్రాల్లో ఎక్కువ ఈ చోటు నుంచి తీసినవే.

గట్టు దారి

మూడో దూరం అనుభవజ్ఞులది. హకుఉన్ నుంచి కొందో దాకా శిఖరాల వీపు మీదుగా సాగే దారి జపాన్‌లో సాధారణ నడక మార్గంగా గుర్తింపు ఉన్న వాటిలో అతి కఠినమైన వాటి వరసలో నిలుస్తుంది. 大 అక్షరం దాటి, గుహ గుడి పక్కన పొడవాటి గొలుసు ఎక్కి గట్టు చేరాలి. అక్కడి నుంచి రెండు పక్కలా లోయలే. అన్నిటిలో పేరుమోసినది 'తకమొదొషి', అంటే డేగను వెనక్కి పంపేది. యాభై మీటర్లకు పైగా గొలుసుల మీద ఎక్కవలసిన గోడ అది. అలసిన చేతులతో మధ్యలో ఆగడానికి వీలుండదు. ఈ గట్టు మీద జారిపడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. హెల్మెట్, చేతితొడుగులు, తాడుతో పాటు అది వాడే విద్య లేనివాళ్లు ఈ దారి పట్టకూడదు. ఎత్తు 1,104 మీటర్లేగా అన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

ఋతువులు

ఏప్రిల్ నడుమ నుంచి మే మొదటి రోజుల దాకా కొందో పాదాన ఉన్న సకురా-నో-సాతో ఉద్యానంలో 45 రకాలకు చెందిన సుమారు 5,000 చెర్రీ చెట్లు విడతలు విడతలుగా పూస్తాయి. పూల వెనుక నల్లటి రాతిగోడ నిలవడం ఈ చోటి ప్రత్యేకత. జూన్, జులై వానల్లో బండలు జారుడుగా ఉంటాయి. అడవిబాటన జలగలు పాదరక్షల్లోకి దూరుతాయి. అక్టోబరు చివరి నుంచి నవంబరు నడుమ దాకా ఎర్రాకుల కాలం. జనం ఎక్కువగా వచ్చేది అప్పుడే. చలికాలంలో నీడపట్టు బండల మీద మంచు గడ్డకట్టి గొలుసు దారులు మరీ ప్రమాదకరమవుతాయి.

చుట్టుపక్కల ఊళ్లు

మ్యోగి చుట్టూ ఉన్నది పల్లెసీమ. రాతినేల, వాలు పొలాలు వరికి అనువు కావు. షిమోనితాలో లావుపాటి ఉల్లికాడలు, కొన్న్యాకు పండిస్తారు. షిమోనితా ఉల్లికాడను దొరగారి ఉల్లి అని పిలుస్తారు. ఎదోలోని ప్రభువుల ఇళ్లకు దాన్ని తెప్పించుకునేవారు. కొన్న్యాకు మన కందకు దగ్గరి చుట్టం, ఒకే ప్రజాతి మొక్క. దుంపను ఎండబెట్టి పొడిచేసి, నీళ్లలో కలిపి సున్నపు తేటతో గడ్డకట్టిస్తే సాగే ముద్ద తయారవుతుంది. జపాన్‌లో పండే కొన్న్యాకులో తొంభై శాతానికి పైగా గున్మాదే.

రాయి ఇక్కడి పట్టు పరిశ్రమకూ సాయం చేసింది. తోమియోకాలో 1872లో ఫ్రెంచి నిపుణుడు పాల్ బ్రూనా పర్యవేక్షణలో ప్రభుత్వం పట్టు మిల్లు తెరిచింది. పట్టుపురుగుల పెంపకం మొదట ఏడాదికి ఒక్క కారుగానే ఉండేది. షిమోనితా కొండల్లో అరఫునె దగ్గర కూలిన బండల సందుల్లోంచి వేసవిలోనూ చల్లటి గాలి వస్తుంది. ఆ గాలి తగిలే చోట రాతిగోడలు కట్టి, పట్టుపురుగుల గుడ్లను అందులో దాచి, పొదగడాన్ని వాయిదా వేశారు. దాంతో ఏడాదికి పలుమార్లు పురుగులు పెంచే వీలు కలిగింది. మిల్లు, ఈ చల్లగాలి గోదాములు 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

ఉత్తరాన యొకొకవా రైల్వే ఊరు. ఇక్కడి నుంచి కరుయిజావా వెళ్లే ఉసుయి కనుమ రైలుమార్గం వెయ్యి మీటర్లకు 66.7 మీటర్లు ఎక్కేది. తోసే ఇంజన్లు తగిలించడానికి ప్రతి రైలూ యొకొకవాలో కాసేపు ఆగేది. ఆ ఆగే సమయమే ఒక వంటకాన్ని పుట్టించింది. 1958లో ఓగినోయా అనే దుకాణం మషికో మట్టికుండలో వేడన్నం పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. కోడిమాంసం, పుట్టగొడుగులు, వెదురు మొలకలు, కౌజుపిట్ట గుడ్డు పైన పేర్చిన ఈ కుండన్నం పేరు తోగె-నో-కమమెషి, అంటే కనుమ కుండన్నం. 1997లో రైలుమార్గం మూతపడినా కుండన్నం నిలిచింది. పాత పట్టాల వెంట వేసిన కాలిబాటన నడిస్తే 1892 నాటి నాలుగు కమానుల ఇటుక వంతెన చూడవచ్చు.

ఇలాంటి మరికొన్ని కొండలు

మూడు వింత దృశ్యాల్లో యబాకెకు ఆ పేరు పెట్టింది 1818లో వచ్చిన కవి, చరిత్రకారుడు రాయి సాన్యో. అక్కడ నదిని ఆనుకుని ఉన్న కొండగోడలో జెంకాయి అనే సన్యాసి ముప్పై ఏళ్లు శ్రమించి తొలిపించిన సొరంగం ఉంది. కంకాకె సముద్రం మధ్య దీవిలోది. అక్కడ రోప్‌వేలో కూర్చుని రాతిగోడల మధ్యగా పైకి పోవచ్చు. మ్యోగికి పొరుగున అరఫునె కొండ 1,423 మీటర్ల ఎత్తున ఓడ డెక్కులా చదునుగా ఉండి, కొసన ఒక్కసారిగా నిలువు గోడగా తెగిపోతుంది. సైతామాలోని 1,723 మీటర్ల ర్యోకామి రంపపు గట్టు. యమనాషిలోని 2,230 మీటర్ల మిజుగాకి గ్రానైట్ స్తంభాల కొండ. వీటన్నిటితో పోలిస్తే మ్యోగి సౌలభ్యం ఏమిటంటే, చూడటం, నడవడం, ఎక్కడం మూడూ ఒకే కొండలో కుదురుతాయి.

ప్రయాణం, జాగ్రత్తలు

తోక్యో నుంచి తకసాకికి షింకన్‌సెన్ బుల్లెట్ రైలులో సుమారు 50 నిమిషాలు. అక్కడి నుంచి షిన్-ఎత్సు మార్గంలో మత్సుయిదా దిగి టాక్సీలో పది నిమిషాలకు మ్యోగి దేవాలయం చేరవచ్చు. తకసాకి నుంచే జోషిన్ రైలులో గంట ప్రయాణం చేస్తే షిమోనితా, అక్కడి నుంచి నకనోతకె. కొండ పాదానికి రోజువారీ బస్సుల మీద ఆధారపడటం కుదరదు. తిరుగు టాక్సీ ముందే మాట్లాడుకోవాలి.

కొండ ఎక్కేవాళ్లు తమ దారి, తిరిగివచ్చే వేళ రాసిన కాగితం ఇచ్చిపోవడం జపాన్‌లో వాడుక. కాలిబాట మొదట్లో దానికోసం పెట్టె ఉంటుంది. ఎలుగుబంట్లు తిరిగే అడవి కనుక సంచికి చిరుగంట కట్టుకుంటారు. చేతితొడుగులు నడుము దారికీ అవసరమే. మూసిన దారుల వివరాలను స్థానిక సంస్థలు ఎప్పటికప్పుడు ప్రకటిస్తాయి. బయలుదేరే ముందు చూసుకోవాలి. వాన కురిసిన మర్నాడు గొలుసు దారులు వదిలేయాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకు దేవాలయం, సకురా-నో-సాతో, నాలుగు రాతి ద్వారాలు కలిపి ఒక పగలు చాలు. గట్టు దారిని, వెనుక మ్యోగిని తెలిసిన మార్గదర్శి తోడున్న రోజుకు వాయిదా వేసుకోవడం మంచిది.